అరుదైన అమెరికా స్మారక తపాలా బిళ్ళలకు వేలం ధరను అంచనా వేసే పద్ధతి

1898లో ఒమాహా నగరంలో జరిగిన ట్రాన్స్-మిసిసిపీ ప్రదర్శన సందర్భంగా అమెరికా తపాలా శాఖ తొమ్మిది స్మారక బిళ్ళలను విడుదల చేసింది. వాటిలో నలుపు రంగులో ముద్రించిన ఒక డాలరు బిళ్ళపై మంచు తుపానుకు ఎదురు నిలిచిన పశువుల మంద కనిపిస్తుంది. అమెరికా బిళ్ళలన్నిటిలో ఇంత అందమైనది మరొకటి లేదని చాలామంది సేకర్తలు అంటారు, నా అభిప్రాయమూ అదే. అమెరికా పశ్చిమ ప్రాంతపు పశువులని చెప్పి వేసిన ఆ బొమ్మకు మూలం స్కాట్లాండ్ చిత్రకారుడు జాన్ మెక్‌విర్టర్ తన దేశపు పశువులను చూసి గీసిన చిత్రం కావడం ఈ బిళ్ళ చరిత్రలో ఒక విచిత్రం. ఈ బిళ్ళ ప్రతులు రెండు ఒకే వేలంలో ఒకదాని వెంట ఒకటి పాటకు వచ్చినప్పుడు, మొదటిది కొన్ని వందల డాలర్ల దగ్గర ఆగిపోవడం, రెండోది దానికి ఎన్నో రెట్లు పలకడం సేకర్తలకు కొత్త కాదు. రెండింటి బొమ్మా ఒకటే, ఏడాదీ ఒకటే, సేకర్తల జాబితా పుస్తకమైన కేటలాగులో సంఖ్యా ఒకటే. తేడా అంతా ఆ ప్రత్యేకమైన కాగితపు ముక్క స్థితిలోనే ఉంటుంది. అందువల్ల “ఈ బిళ్ళ ధర ఎంత?” అనే ప్రశ్నకు జవాబు దొరకదు. “నా చేతిలో ఉన్న ఈ ప్రతికి ఎంత పలుకుతుంది?” అని అడిగితే, కొంత ఓపిక పట్టి జవాబు వెతుక్కోవచ్చు.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇళ్ళ సామాను అమ్మకాల్లోనో, ఇరుగుపొరుగు వృద్ధుల నుంచో పాత ఆల్బములు అందే సందర్భాలు ఉంటాయి. హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో కూర్చుని న్యూయార్క్ వేలాల్లో ఇంటర్నెట్ ద్వారా పాడటం కూడా ఇప్పుడు సాధ్యమే. ఈ ఇద్దరికీ పనికివచ్చే విధంగా, అంచనా వేసే పనిని అది సాగవలసిన క్రమంలోనే వివరిస్తాను.

ముందుగా ఏది అరుదో తేల్చుకోవాలి

పాతది కాబట్టి అరుదైనదే అయి ఉంటుందన్న నమ్మకాన్ని మొదటే వదులుకోవాలి. కొలంబస్ అమెరికా తీరం చేరి 400 ఏళ్ళయిన సందర్భంగా చికాగోలో జరిగిన ప్రదర్శన కోసం 1893లో విడుదలైన కొలంబియన్ వరుసను చూడండి. అమెరికా తొలి స్మారక బిళ్ళలుగా దాదాపు అందరూ లెక్కించేది ఈ వరుసనే. ఒక సెంటు నుంచి 5 డాలర్ల దాకా మొత్తం 16 బిళ్ళలు ఇందులో ఉన్నాయి. అప్పట్లో మామూలు ఉత్తరానికి సరిపోయే 2 సెంట్ల బిళ్ళ 146 కోట్లకు పైగా విడుదల కాగా, 5 డాలర్ల బిళ్ళ 27,350 మాత్రమే విడుదలయింది. 5 డాలర్లంటే ఆనాటి లెక్కన 250 ఉత్తరాలకు సరిపడే సొమ్ము. సామాన్యుడికి అది ఎందుకూ పనికిరాదు. బరువైన పార్సెళ్ళు పంపే వ్యాపారులూ, కలిగిన సేకర్తలూ తప్ప దానిని కొన్నవారు తక్కువ. అందుకే 130 ఏళ్ళు దాటినా 2 సెంట్ల బిళ్ళ వాడిన స్థితిలో నాణేల ధరకే దొరుకుతుంది, ఒకటి నుంచి 5 డాలర్ల దాకా ఉన్న ఐదు పెద్ద బిళ్ళల కోసం మాత్రం ప్రతి వేలంలోనూ పోటీ ఉంటుంది. ఆ ఐదింటిలోనూ అతి తక్కువగా విడుదలైనది 4 డాలర్ల బిళ్ళ, దాని సంఖ్య 26,350.

1930ల నుంచి వెలువడిన స్మారక బిళ్ళల విషయంలో నిరాశ తప్పదు, ఆ మాట ముందే చెప్పడం న్యాయం. సేకరణ ఒక పెద్ద వ్యసనంగా మారిన ఆ దశాబ్దాల్లో లక్షలాది మంది కొత్త బిళ్ళలను పూర్తి షీట్లుగా కొని, పిల్లల చదువులకు పనికివస్తాయని భద్రంగా దాచుకున్నారు. అందరూ దాచుకున్న వస్తువుకు కొరత ఉండదు. అటువంటి షీట్లను ఇవాళ వర్తకులు చాలాసార్లు ముఖ విలువ (బిళ్ళపై అచ్చయిన ధర) కన్నా తక్కువకే, తపాలాకు అంటించుకోవడానికి కొంటున్నారు. తాతగారు ప్రేమతో దాచిన పెట్టె గురించి ఇలా చెప్పవలసి రావడం బాధాకరమే అయినా, వేలం సంస్థకు పంపే ఖర్చు అనవసరంగా పెట్టుకోకుండా ఉండటానికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఈ నియమానికి మినహాయింపులు లేకపోలేదు. జర్మనీ గాలినౌక (ఎయిర్‌షిప్) గ్రాఫ్ జెప్పెలిన్ ప్రయాణం సందర్భంగా 1930 ఏప్రిల్ 19న విడుదలైన మూడు వాయుతపాలా బిళ్ళల ముఖ విలువ 65 సెంట్లు, 1.30 డాలర్లు, 2.60 డాలర్లు. మూడూ కలిపి కొనాలంటే 4.55 డాలర్లు కావాలి, అవి ఆర్థిక మాంద్యపు తొలి రోజులు. ఒక్కొక్కటి సుమారు పది లక్షలు ముద్రించినా ఏ ఒక్కటీ లక్ష కూడా అమ్ముడుపోలేదు. మిగిలిన వాటిని ప్రభుత్వం నాశనం చేసింది. అందువల్ల ఈ మూడింటి వరుస 1930ల నాటిదే అయినా ఇప్పటికీ మంచి ధర పలుకుతుంది. అయితే కొన్నవారిలో ఎక్కువమంది సేకర్తలే కావడంతో ప్రతులు బాగానే మిగిలాయి, దాదాపు ప్రతి పెద్ద వేలంలోనూ కనిపిస్తాయి. కాబట్టి తొందరపడి పాడవలసిన అవసరం లేదు. న్యూయార్క్ అంతర్జాతీయ ప్రదర్శన కోసం 1926లో వచ్చిన 25 బిళ్ళల వైట్ ప్లెయిన్స్ షీటుదీ ఇదే కథ.

ముద్రణ లోపాలున్న బిళ్ళల ధరలు ఈ లెక్కలకు అందవు. బఫెలో నగర ప్రదర్శన కోసం 1901లో వచ్చిన పాన్-అమెరికన్ బిళ్ళలను రెండు రంగుల్లో, రెండు విడతలుగా ముద్రించారు. షీటును రెండో విడతలో తలకిందులుగా పెట్టడం వల్ల ఒక సెంటు బిళ్ళపై ఓడ, 2 సెంట్ల బిళ్ళపై రైలు తిరగబడ్డాయి. ఈ రెండూ తపాలా కార్యాలయాల్లో మామూలుగా అమ్ముడుపోయినవే, వాటిలో 2 సెంట్లది మరీ అరుదు. 4 సెంట్ల మోటారు వాహనం బిళ్ళ సంగతి వేరు. దానిని కావాలనే తిరగేసి ముద్రించగా అధికారుల ద్వారా బయటికి వచ్చింది, ప్రజలకు ఎన్నడూ అమ్మలేదు. చరిత్రలోని ఈ తేడా వేలం వివరణలో ఒక చిన్న వాక్యంగా మాత్రమే ఉంటుంది, దానిని వదిలేయకుండా చదవాలి.

లోపం ఉన్నంత మాత్రాన విలువ ఉంటుందనీ అనుకోకూడదు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ స్మారకంగా 1962లో వచ్చిన 4 సెంట్ల బిళ్ళలో పసుపు రంగు తిరగబడిన షీట్లు కొన్ని బయటపడ్డాయి. ఈ సంగతి తెలిసిన వెంటనే పోస్ట్‌మాస్టర్ జనరల్ ఎడ్వర్డ్ డే అదే తప్పుతో 4 కోట్లకు పైగా బిళ్ళలను మళ్ళీ ముద్రించమని ఆదేశించారు. ఒక్క ఆదేశంతో ఆ అరుదుతనం కరిగిపోయింది. ఆ తిరగబడిన బిళ్ళ ఈనాటికీ కొన్ని సెంట్లకే దొరుకుతుంది.

బిళ్ళ స్థితిని చదవడం

అంచనాలో అసలైన పని ఇదే. ఇక్కడ గంటలు వెచ్చించినా వృథా కాదు. బిళ్ళను ఎన్నడూ వేళ్ళతో తాకకూడదు, చదునైన మొనలున్న స్టాంపు చిమటాతోనే పట్టుకోవాలి. ఆల్బముకు అతుక్కుపోయిన దానిని బలవంతంగా లాగకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పాత కవరు మీద ఉన్న బిళ్ళను నానబెట్టి విడదీయకూడదు, ఎందుకంటే డాలరు విలువ గల స్మారక బిళ్ళలు నిజమైన తపాలాకు వాడిన కవర్లు మిగిలినవి చాలా తక్కువ, వాటికి విడి బిళ్ళ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ విలువ ఉండవచ్చు.

మొదట చూడవలసినది బొమ్మ కుదురు. నాలుగు వైపులా తెల్లని అంచు సమానంగా ఉండి బొమ్మ నట్టనడుమ ఉంటే ధర పెరుగుతుంది, బిళ్ళలను విడదీయడానికి అంచున వేసే చిల్లులు బొమ్మలోకి చొచ్చుకు వస్తే పడిపోతుంది. ఈ విషయంలో ప్రతి వరుసనూ దాని కొలతతోనే కొలవాలి. జేమ్స్‌టౌన్ స్థాపనకు 300 ఏళ్ళయిన సందర్భంగా 1907లో వచ్చిన మూడు బిళ్ళలు కుదురు లేకపోవడానికి పేరుపడ్డవి. వాటిలో చక్కగా కుదిరిన ప్రతి దొరకడం ఎంత కష్టమో తెలిసినవారు దాని కోసం కేటలాగు ధరను దాటి కూడా పాడతారు.

తరువాత వెనక్కి తిప్పి జిగురు చూడాలి. పాత సేకర్తలు బిళ్ళను ఆల్బములో నిలపడానికి హింజ్ అనే చిన్న జిగురు కాగితపు ముక్కను వాడేవారు. 1893 నాటి బిళ్ళలు దాదాపుగా అన్నీ ఏదో ఒక కాలంలో హింజ్ పెట్టించుకున్నవే. హింజ్ ఎన్నడూ తగలని అసలు జిగురుతో మిగిలిన పెద్ద విలువ కొలంబియన్ ప్రతులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని కాకపోయినా బాగా తక్కువ, కాబట్టి వాటి ధర హింజ్ పడిన ప్రతి ధరకు కొన్ని రెట్లు ఉంటుంది. ఈ ధరల తేడాయే మోసానికి దారి తీసింది. హింజ్ గుర్తు ఉన్న జిగురును కడిగేసి, కొత్త జిగురు పూసి, తాకని ప్రతిగా అమ్మడం చాలా కాలంగా జరుగుతోంది. అసలు బిళ్ళకు జిగురు ముందు పూసి, చిల్లులు తరువాత వేశారు. అందువల్ల చిల్లుల దగ్గర తెగిన కాగితపు నారలు మెత్తగా, పొడిగా ఉంటాయి. తరువాత పూసిన జిగురు చిల్లుల మధ్య మిగిలిన పళ్ళ కొనలకు పాకి వాటిని బిరుసుగా చేస్తుంది. మంచి భూతద్దంతో పక్క నుంచి చూస్తే ఈ తేడా చాలావరకు కనిపిస్తుంది.

డాలరు బిళ్ళల విషయంలో ఇంకొక మోసం ఉంది. కలంతో గీత గీసి రద్దు చేసిన ప్రతులపై సిరాను రసాయనంతో తొలగించి, వాడని బిళ్ళగా మార్చుతారు. మామూలు వెలుతురులో కనిపించని ఆ గీత జాడ అతినీలలోహిత దీపం కింద చాలాసార్లు బయటపడుతుంది. పంటి వరుసలూ పరీక్షించాలి. బ్యూరో ఆఫ్ ఎన్‌గ్రేవింగ్ అండ్ ప్రింటింగ్ 1894లో ముద్రణ బాధ్యత తీసుకున్న తరువాత, పెద్ద షీట్లను ముక్కలుగా కత్తిరించిన చోట కొన్ని బిళ్ళలకు ఒక పక్క చిల్లులు లేకుండా చదునైన అంచు మిగిలేది. అటువంటి ప్రతులకు గిరాకీ తక్కువ కాబట్టి ఆ అంచుకు తరువాత దొంగ చిల్లులు వేసినవారు ఉన్నారు. ఎదురెదురు అంచుల పళ్ళ లోతూ వరుసా సరిపోలకపోతే అనుమానించాలి.

లోపలి దెబ్బలు కంటికి ఆనవు. హింజ్ లాగినప్పుడు కాగితపు పొర ఊడి పలచబడిన చోటు, మాసిపోయిన మడత, సూది మొనంత రంధ్రం వంటివి పట్టుకోవాలంటే నల్లని పళ్ళెంలో బిళ్ళను బోర్లా పెట్టి వాటర్‌మార్క్ ద్రవం రెండు చుక్కలు వేసి చూడాలి. కాగితం తయారీలోనే పడిన నీటిగుర్తు (వాటర్‌మార్క్) కూడా అప్పుడే కనిపిస్తుంది: 1898 ట్రాన్స్-మిసిసిపీ బిళ్ళల కాగితంలో అది ఉండాలి, 1893 కొలంబియన్ బిళ్ళల్లో ఉండకూడదు. ఒక డాలరు పశువుల బిళ్ళ ముందు వైపు ఎంత మెరిసినా, వెనుక గోరంత పలచబడిన చోటు ఉంటే మచ్చలేని ప్రతి ధరలో చిన్న భాగమే దానికి పలుకుతుంది.

చిల్లుల లెక్క కూడా తప్పనిసరి. పనామా-పసిఫిక్ ప్రదర్శన బిళ్ళలు 1913లో 2 సెంటీమీటర్ల పొడవుకు 12 చిల్లులతోనూ, ఆ తరువాత 10 చిల్లులతోనూ వచ్చాయి. 10 సెంట్ల నారింజ రంగు బిళ్ళలో ధరలో 10 చిల్లుల రకానిదే పైచేయి. కొలిచే గేజ్ ఖరీదు చాలా తక్కువ, అది లేకుండా ఈ వరుస జోలికి వెళ్ళకూడదు.

నిపుణుల పత్రం

మీ పరీక్ష ఎంత జాగ్రత్తగా సాగినా, విలువైన బిళ్ళకు నిపుణుల పత్రం లేకపోతే పాటదారులు వెనకాడతారు. న్యూయార్క్‌లోని ఫిలటెలిక్ ఫౌండేషన్, అమెరికన్ ఫిలటెలిక్ సొసైటీ, ప్రొఫెషనల్ స్టాంప్ ఎక్స్‌పర్ట్స్ ఇచ్చే పత్రాలను అమెరికా బిళ్ళల వేలాల్లో గౌరవిస్తారు. పత్రం ఉందా లేదా అన్నదాని కన్నా అందులో ఏముందో చదవడం ముఖ్యం. “అసలైనది” అన్న మాట తరువాత “తిరిగి జిగురు పూసినది”, “ఎడమవైపు తిరిగి చిల్లులు వేసినది”, “చిన్న మడత ఉన్నది” అన్న మాటలు ఉండవచ్చు. పత్రంపై ఉన్న ఛాయాచిత్రంలోని పళ్ళ ఆకారం, ముద్ర పడిన స్థానం మీ చేతిలోని బిళ్ళతో సరిపోలాలి, ఎందుకంటే మంచి బిళ్ళ పత్రాన్ని మరో బిళ్ళకు జత చేసే ప్రమాదం ఉంది. దశాబ్దాల నాటి పత్రమైతే కొత్తది తీసుకోవడం మేలు. పరీక్షా సాధనాలు అప్పటికన్నా ఇప్పుడు మెరుగుపడ్డాయి.

కొన్ని పత్రాల్లో నూటికి ఇన్ని మార్కులని కూడా ఇస్తారు. 80 అంటే చాలా బాగున్నది, 90 అంటే అత్యుత్తమం, 98 అంటే అసాధారణం. మార్కులు పైకి వెళ్ళేకొద్దీ ధర మెట్లు ఎక్కదు, ఎగిరి దూకుతుంది. మామూలుగా కొద్ది డాలర్లకు దొరికే బిళ్ళ కూడా 98 మార్కులతో వందల డాలర్లు పలకగలదు. ఈ పోటీ పట్ల నాకు కొంత భయం ఉంది. అంతే మార్కుల ప్రతులు రేపు మరికొన్ని పరీక్షకు వచ్చి పత్రం పొందితే, ఇవాళ ఒంటరిగా నిలిచిన బిళ్ళకు ఆ ఒంటరితనం పోతుంది. 1893 నాటి 5 డాలర్ల బిళ్ళ వంటి వాటి మొత్తం సంఖ్య మాత్రం పెరిగేది కాదు.

పాత వేలాల లెక్క

అమెరికా బిళ్ళలకు స్కాట్ కేటలాగు ప్రమాణం. అందులోని ధరలు చాలా బాగున్న స్థాయి ప్రతులకు వర్తిస్తాయి, అంతకు తక్కువ ప్రతులు ఆ ధరలో కొంత భాగానికే అమ్ముడుపోతాయి. కేటలాగును బిళ్ళను గుర్తించడానికీ, ఒక రకానికీ మరొక రకానికీ మధ్య ఉన్న నిష్పత్తిని తెలుసుకోవడానికీ వాడాలి. ధర కోసం మాత్రం జరిగిపోయిన వేలాల్లో నిజంగా ముగిసిన పాటలనే చూడాలి. సీగెల్ వంటి పెద్ద వేలం సంస్థలు తమ పాత అమ్మకాలను ఛాయాచిత్రాలతో సహా ఇంటర్నెట్‌లో ఉంచాయి. అమ్మేవారు అడుగుతున్న ధరలకు ఈ లెక్కలో చోటు లేదు.

పోల్చే ప్రతుల ఎంపికలో కఠినంగా ఉండాలి. అదే కేటలాగు సంఖ్య, అదే జిగురు స్థితి, దగ్గరి మార్కులు, అదే రకమైన లోపం ఉన్నవాటినే, గత ఐదారేళ్ళలో అమ్ముడుపోయిన వాటినే తీసుకోవాలి. కనీసం ఐదు దొరికితే అన్నిటికన్నా పై ధరనూ కింది ధరనూ పక్కన పెట్టి మిగిలినవి చూడాలి. పేరున్న సేకర్త బిళ్ళలు అమ్మిన వేలంలో ఆ పేరు వల్ల ధర కొంత పెరుగుతుంది, ఆ సంగతిని గుర్తు పెట్టుకోవాలి.

ప్రకటించిన ధరలో ఏది కలిసి ఉందో తెలియకపోతే ఈ శ్రమంతా దారి తప్పుతుంది. పాట నిలిచిన ధరపై కొనుగోలుదారు వేలం సంస్థకు అదనపు రుసుము చెల్లించాలి. దీనికి అమెరికా బిళ్ళలన్నిటిలోకీ ప్రసిద్ధమైన తిరగబడిన జెన్నీ విమానం బిళ్ళ మంచి ఉదాహరణ. 1918 నాటి ఆ 24 సెంట్ల బిళ్ళ స్మారక బిళ్ళ కాదు, కానీ దాని లెక్క అన్నిటికీ వర్తిస్తుంది. వంద బిళ్ళల ఆ ఒకే ఒక్క షీటులో 49వ స్థానంలోని ప్రతి 2018లో 13,50,000 డాలర్ల పాటకు నిలవగా, 18 శాతం రుసుముతో కొన్నవారికి 15,93,000 అయింది. అదే ప్రతి 2023లో 17,00,000కు నిలిచి రుసుముతో 20,06,000 అయింది. పత్రికల్లో వచ్చిన రెండు ధరలను చూస్తే ఐదేళ్ళలో 4,13,000 డాలర్లు పెరిగినట్లు కనిపిస్తుంది. మొదటిసారి 15,93,000 చెల్లించినవారు రెండోసారి అమ్మినప్పుడు పొందగలిగేది పాట నిలిచిన 17,00,000 మాత్రమే, అంటే లాభం 1,07,000కు మించదు. అందులోంచి అమ్మకందారు కమిషన్ ఉంటే అదీ తగ్గుతుంది. మీ ఆల్బములోని బిళ్ళకూ ఇదే లెక్క. కొనేవారు రుసుముతో కలిపిన ధరనూ, అమ్మేవారు రుసుము తీసేసిన ధరనూ చూడాలి.

అమ్మదలచినవారు పంపే ముందే ఆ సంస్థ కమిషన్ ఎంతో, తీసుకునే కనీస విలువ ఎంతో, ఛాయాచిత్రానికీ బీమాకూ వేరే ఖర్చు ఉందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. విలువైన ఐదారు బిళ్ళలను విడిగా పాటకు పెట్టమని, మిగిలిన ఆల్బమును ఒకే మొత్తంగా అమ్మమని కోరడం సాధారణంగా లాభదాయకం.

పాడదలచినవారు వేలం నియమాల్లో పరీక్షకు గడువు కోరే వీలుందేమో చూసుకోవాలి. చాలా సంస్థలు, పత్రం లేని బిళ్ళను కొన్నవారు నిపుణుల అభిప్రాయం వచ్చే దాకా అమ్మకాన్ని నిలిపి ఉంచడానికి ఒప్పుకుంటాయి, అయితే ఆ కోరికను పాటకు ముందే తెలియజేయాలి. భారతదేశం నుంచి పాడేవారు రవాణా, బీమా, కస్టమ్స్ సుంకం, డాలరు మారకం ఖర్చులను కూడా ముందే విచారించి ఉండాలి.

ఇక పాటలో ఎక్కడ ఆగాలో నిర్ణయించడం. పోలికల ఆధారంగా ఒక బిళ్ళకు రుసుముతో సహా 1,000 డాలర్లకు మించి పెట్టకూడదని తేల్చుకున్నారనుకుందాం. రుసుము 18 శాతమైతే 1,000ని 1.18తో భాగించాలి, 847 వస్తుంది. పాట 50 డాలర్ల మెట్లలో సాగుతుంటే 850 దగ్గర మొత్తం 1,003 అవుతుంది, దానిపై రవాణా ఖర్చు వేరు. అప్పుడు మీ చివరి పాట 800. ఆ అంకెను వేలం మొదలు కాకముందే కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోవాలి.